సున్నా నుంచి మొదలైన గ్రాఫు

ఫిబ్రవరి 18, మంగళవారం మధ్యాహ్నం పన్నెండుంబావుకు, నరసరావుపేట శివారులోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫర్నేసులో పెట్టిన క్వార్ట్జ్ గాజు గొట్టం పేలింది. ఫర్నేసు ముందు నిలబడి ఉన్న ప్రాజెక్ట్ అసిస్టెంట్ నెహెమ్యాకు ఛాతీలో, పొట్టలో ముక్కలు దిగాయి. గొట్టంలోంచి వచ్చిన భాస్వరం ఆవిరి గాలి తగలగానే అంటుకుంది. ఆయన్ను ముందు పట్టణంలోని ఆసుపత్రికి, అక్కడి నుంచి గుంటూరుకు తీసుకెళ్లారు. మర్నాడు ఉదయం చనిపోయారు. వయసు ఇరవై ఆరు. ఊరు నూజెండ్ల.

షార్ట్ సర్క్యూట్ అని కాలేజీ ఆ సాయంత్రం ప్రకటన ఇచ్చింది. కరెంటు ఆఫీసు వాళ్లు వచ్చి వైరింగ్ చూశారు. వైర్లు బాగానే ఉన్నాయని రాసిచ్చి వెళ్లారు.

గొట్టంలో నియోబియం అనే లోహం పొడి, ఎర్ర భాస్వరం ఉన్నాయి. రెండూ ఒకటికి నాలుగు పాళ్లలో కలిసి ఒక పదార్థం కావాలి. ఆ పదార్థాన్ని అప్పటిదాకా ఎవరూ తయారు చేయలేదు. దాని గురించి ఉన్నది ఒకే ఒక్క పరిశోధనా పత్రం. రాసింది అదే కాలేజీలో ఫిజిక్స్ అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉజ్మా. పత్రంలో రెండో పేరు విభాగాధిపతి సుధీర్ బాబుది. ఉజ్మా పార్ట్ టైమ్ పీహెచ్‌డీకి ఆయనే గైడు.

ఉజ్మా పనంతా కంప్యూటర్ మీదే. ఒక్క అణువు మందాన పొరలా ఉండే పదార్థాన్ని ఊహించుకోవాలి. అందులో అణువులు ఎక్కడెక్కడ కూర్చుంటాయో, ఎలా ఊగుతాయో, ఆ ఊపుతో ఎలక్ట్రాన్లు ఎలా జత కడతాయో లెక్క వేయాలి. జత గట్టిగా ఉంటే ఆ పొరలో కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది. దాన్ని అతివాహకత అంటారు. దానికి చలి కావాలి. ఇప్పటిదాకా తెలిసిన పొరలకు చాలా చలి కావాలి. తక్కువ చలితో సరిపెట్టుకునే పొర కోసం ఈ రంగంలో అందరూ వెతుకుతున్నారు. ఊహించిన ప్రతిదాన్నీ తయారు చేసి చూడటం కుదరదు కాబట్టి ముందు లెక్క వేస్తారు. లెక్కలో బాగున్నదాన్ని తర్వాత ఎవరైనా తయారు చేస్తారు.

ఉజ్మా లెక్కలో తేలిన పొర మైనస్ 220 డిగ్రీల దగ్గరే అతివాహకం అవుతుంది. అది మంచి ఫలితం. పత్రం అక్టోబరులో అచ్చయింది. కాలేజీ గేటు దగ్గర ఉజ్మా ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. జిల్లా పేజీలో వార్త వచ్చింది.

ఉజ్మా తండ్రి సుభానీకి వినుకొండ రోడ్డులో లేతు షాపు ఉంది. వార్త వచ్చిన వారమంతా గిరాకీలు ఆయన్ను వదల్లేదు.

"కరెంటు బిల్లు రాకుండా చేసిద్దంటగా మీ అమ్మాయి," అని ఒకాయన అన్నారు.

"ముందు నా లేతుకి చేసిపెట్టమన్నా. షాపు మొత్తం మైనస్ రెండొందల ఇరవైలో పెట్టుకో, అప్పుడు చేస్తానంది," అన్నారు సుభానీ.

డిసెంబరులో సుధీర్ బాబు ఆ పదార్థాన్ని కాలేజీలోనే తయారు చేయాలని నిర్ణయించారు. కాలేజీ గుర్తింపును పరిశీలించే బృందం ఫిబ్రవరి 20న రావాల్సి ఉంది. లెక్కా ఇక్కడిదే, నమూనా ఇక్కడిదే అని చూపించవచ్చని ఆయన స్టాఫ్ మీటింగులో చెప్పారు. ఫర్నేసు కొన్నారు. నెహెమ్యాను తీసుకున్నారు. నెహెమ్యా కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, హైదరాబాద్‌లో ఒక ల్యాబులో రెండేళ్లు ఇదే పని చేసి వచ్చారు. పొడులను గొట్టంలో పోసి, గాలి లాగేసి, మంట మీద మూతి కరిగించి మూసేయడం ఆయన పని.

మూసిన గొట్టాన్ని ఒకేసారి వేడి చేయరు. నాలుగొందల యాభై డిగ్రీల దగ్గర కొన్ని రోజులు ఆపుతారు. భాస్వరం ఆవిరై కొంచెం కొంచెంగా లోహంలో కలుస్తుంది. కలిసిందనుకున్నాక పైకి తీసుకెళ్తారు. కలవకుండా మిగిలిన భాస్వరం ఆ పై వేడిలో ఆవిరిగానే ఉండి గొట్టాన్ని లోపలి నుంచి నెడుతుంది. నియోబియం, భాస్వరం ఒకటికి ఒకటి పాళ్లలో కలిసిన పదార్థం చాలా ఏళ్లుగా అందరికీ తెలుసు. ఉజ్మా లెక్క ఒకటికి నాలుగు. నెహెమ్యా ఆ లెక్క ప్రకారమే భాస్వరం తూచి పోశారు.

ఫిబ్రవరి మొదటి వారంలో నెహెమ్యా సుభానీ షాపుకు వచ్చారు. గొట్టం చుట్టూ పెట్టడానికి రెండు వైపులా మూతలున్న స్టీలు తొడుగు కావాలని కొలతలు ఇచ్చారు. అది కోటప్పకొండ తిరునాళ్లకు ముందు సమయం. షాపు ముందు, కొండకు ఊరేగించే ఎత్తయిన ప్రభలు కట్టే మూడు ఊళ్ల వాళ్లు క్లాంపులు, బోల్టుల కోసం కూర్చుని ఉన్నారు. అప్పుడు జరిగిన మాటలను సుభానీ, ఆయన దగ్గర పనిచేసే జావీద్ ఒకేలా చెప్పారు.

"ఏందిరా ఇది, బోరు పైపు ముక్కా?" అని అడిగారు సుభానీ.

"తొడుగు మామా. లోపల గాజుది ఉంటది. అది పగిలితే ముక్కలు బయటికి రాకుండా," అన్నారు నెహెమ్యా.

"పగిలేదాన్ని పొయ్యిలో ఎందుకు పెట్టటం?"

"పగలదు. భాస్వరమంతా లోహంలో కలిసిపోతే లోపల ఏం మిగలదు. మిగిల్తేనే తంటా."

"మిగిలిద్దా?"

"మిగలదని మీ అమ్మాయే రాసింది. నేను గాదు."

"మరి తొడుగెందుకురా, మా అమ్మాయి రాస్తే?"

"నమ్మకం ఉన్నా రాత్రికి షట్టరుకి తాళం ఏస్తావు గదా మామా."

సుభానీ నవ్వి కొలతల కాగితం జేబులో పెట్టుకున్నారు. "తిరునాళ్ల ముందు వచ్చావు. వీళ్లని చూడు. క్లాంపు ఇయ్యకపోతే నన్నే ప్రభకి కట్టేసి కొండకి లాక్కుపోతారు."

"తిరునాళ్ల అయినాక నువ్విస్తే మా సార్ నన్ను కట్టేస్తాడు."

సోమవారం, 17కల్లా ఇస్తానని సుభానీ చెప్పారు.

గొట్టం 13న, గురువారం, ఫర్నేసులోకి వెళ్లింది. తొడుగు లేకుండానే వెళ్లింది. పై వేడికి ఎక్కించేలోగా తొడుగు వస్తే మధ్యలో చల్లార్చి పెట్టుకోవచ్చు. అలా మొదలుపెట్టమని ఎవరు చెప్పారో తేలలేదు. తొడుగు సంగతి తనకు తెలియదని సుధీర్ బాబు పోలీసులకు చెప్పారు. అదే గదిలో పనిచేసే పరిశోధక విద్యార్థిని జాహ్నవి చెప్పినది వేరు. ఆగుదాం సార్ అని నెహెమ్యా అడగడం, మెల్లగా వేడి చెయ్యి ఏం కాదు అని సుధీర్ బాబు అనడం తాను విన్నానని ఆమె చెప్పారు. ఆ సమయంలో గదిలో నాలుగో మనిషి లేరు.

జాహ్నవిది శావల్యాపురం. పీహెచ్‌డీలో చేరి ఏడాది కాలేదు. ఉజ్మా దగ్గర లెక్కలు నేర్చుకుంటున్నారు. నేర్చుకోవడానికి ఉజ్మా తన పత్రం తాలూకు ఫైళ్లనే ఆమెకు ఇచ్చారు. 15న, శనివారం మధ్యాహ్నం, జాహ్నవి ల్యాప్‌టాప్ తీసుకుని ఉజ్మా దగ్గరకు వచ్చారు.

"అక్కా, నీ ఫైలుతో గ్రాఫు గీశా. నీదాన్లో ఉన్నట్టు రాలా."

"మన స్క్రిప్టు పెట్టుకోలా?"

"అది నా ల్యాప్‌టాప్‌లో ఆడలా. నేనే రాసుకున్నా. చూడు, ఈ గీత మధ్యలో కిందకి పోయింది."

"ఎక్కడికి?"

"సున్నా కిందకి."

ఉజ్మా ముందు నమ్మలేదు. ఎక్కడో తప్పు కొట్టావు అన్నారు. తర్వాత గ్రాఫు వదిలేసి అంకెలున్న ఫైలు తెరిచారు. అంకెల్లో మైనస్ ఉంది.

ఆ గ్రాఫులో ఒక్కో గీత అణువులు ఊగే ఒక్కో తీరు. గీత ఎంత ఎత్తున ఉంటే ఊపు అంత వేగం. గీత సున్నా కిందకు పోతే దాన్ని ఊపు అనరు. అణువును కొంచెం పక్కకు జరిపితే అది తిరిగి తన చోటుకు రాదని అర్థం. అంటే కాగితం మీద గీసిన ఆ అమరిక నిలబడదు. కంప్యూటర్ ఆ సంగతిని మైనస్ గుర్తుతో చెబుతుంది.

ఆ విభాగంలో అందరూ గ్రాఫులు గీసేది ఒకే స్క్రిప్టుతో, అంటే ఒకే చిన్న ప్రోగ్రాముతో. సుధీర్ బాబు మొదటి విద్యార్థి రాసింది. ఆ విద్యార్థి వెళ్లేటప్పుడు తర్వాతి వాళ్లకు ఇచ్చారు. వాళ్లు ఉజ్మాకు ఇచ్చారు. అందులో గ్రాఫు అడుగు సున్నా దగ్గర మొదలవ్వాలని ఒక వరుస ఉంది. గ్రాఫు ఎడమ అంచున చిన్న మైనస్ రావడం ఈ లెక్కల్లో మామూలే. అది లెక్కలో మిగిలే నలుసు. దాన్ని ఈ రంగంలో ఎవరూ పట్టించుకోరు. మొదటి విద్యార్థి ఆ నలుసు కనపడకుండా ఆ వరుస పెట్టారు. ఆయన పదార్థానికి అది సరిపోయింది. తర్వాత ఆ వరుసను ఎవరూ తీయలేదు. ఉజ్మా గ్రాఫులో మైనస్ ఎడమ అంచున లేదు, మధ్యలో ఉంది. పత్రంలోని మూడో బొమ్మలో ఒక గీత కిందకు దిగి సున్నాను తాకి, కొంత దూరం కనపడక, మళ్లీ పైకి లేస్తుంది. తాకి లేచినట్టే ఉంటుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. మైనస్ 220 వచ్చింది ఆ గీత వల్లే. సున్నాకు దగ్గరగా, నెమ్మదిగా ఊగే అణువులు ఎలక్ట్రాన్లను గట్టిగా జత కడతాయి. గీత కిందకు దిగేకొద్దీ ఫలితం మెరుగవుతూ వచ్చింది. సున్నా కిందకు పోయిన భాగాన్ని ప్రోగ్రాము తనంతట తానే లెక్కలోంచి వదిలేసింది.

"ఇది ఎవరికన్నా చూపించావా?" అని ఉజ్మా అడిగారు.

"లేదక్కా."

"చూపించమాక. నేను చూస్తా."

ఆదివారం ఉజ్మా కాలేజీకి వెళ్లి ఆ ఒక్కచోట లెక్క మళ్లీ వేశారు. ఈసారి ఇంకా దగ్గర దగ్గర బిందువులు తీసుకుని వేశారు. మైనస్ పోలేదు. ఇంకాస్త కిందకు దిగింది. ఆ రోజు నెహెమ్యా నూజెండ్లలో ఉన్నారు. తల్లి ఆరోగ్యమ్మతో చర్చికి వెళ్లి, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చారు. ఫర్నేసు నాలుగొందల యాభై దగ్గర ఉంది.

సోమవారం పొద్దున ఉజ్మా సుధీర్ బాబు గదికి వెళ్లారు. ఆ గదిలో జరిగిన మాటల విషయంలో ఇద్దరి వాంగ్మూలాలకూ తేడా లేదు.

"సార్, అది నిలబడదు," అన్నారు ఉజ్మా.

సుధీర్ బాబు రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి చూశారు. "ఎంత మైనస్?"

"నలుసు కాదు సార్. మధ్యలో ఉంది."

"పేపర్ ముగ్గురు రిఫరీలు చూశారు గదమ్మా. వాళ్లకి కనపడలేదా?"

"వాళ్లు చూసింది మన బొమ్మే సార్. సున్నా నుంచి."

సుధీర్ బాబు గ్రాఫులు రెండూ ఉజ్మా వైపు జరిపారు. తర్వాత, "ఫర్నేసులో ఉంది గదా. రెండు రోజులు ఆగు. తయారైతే నీ మైనస్ తప్పు. కాకపోతే పేపర్ వెనక్కి తీసుకుందాం. ప్రయోగం కంటే పెద్ద సాక్ష్యం ఏముంది?" అన్నారు.

"నెహెమ్యాకి చెప్పనా?"

"టీమ్ వచ్చి పోనీ. వాళ్లు అతన్ని కూడా ప్రశ్నలు అడుగుతారు. తెలియని మనిషి తడబడడు." తర్వాత, "నీ ప్రీ సబ్మిషన్ మార్చిలోనే గదా," అన్నారు.

అది థీసిస్ ఇచ్చే ముందు జరిగే పరిశీలన. ఉజ్మా పీహెచ్‌డీ ఆరో ఏడాదిలో ఉంది. థీసిస్‌లో నాలుగు అధ్యాయాలు ఉంటే మూడు ఈ పదార్థం మీదే. ఆమె సరే సార్ అన్నారు.

గదిలో ఉన్నంతసేపూ భాస్వరం మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. పదార్థం తయారు కాకపోతే గొట్టంలో ఏం మిగులుతుందో తాను ఆలోచించలేదని ఉజ్మా పోలీసులకు చెప్పారు. తన లెక్కల్లో గొట్టం ఉండదని చెప్పారు. సుధీర్ బాబు కూడా ఆలోచించలేదనే చెప్పారు.

అదే సోమవారం సుభానీ షాపులో తొడుగు సగంలో ఆగింది. ఒక ఊరి ప్రభకు పెట్టిన క్లాంపు ట్రాక్టరు మీదకు ఎత్తేటప్పుడు విరిగిందని వాళ్లు దాన్ని పట్టుకుని వచ్చారు. ఆ పని ముందు చేయాల్సి వచ్చింది. తొడుగు రేపు ఇస్తానని సుభానీ నెహెమ్యాకు ఫోన్ చేసి చెప్పారు.

మంగళవారం పొద్దున ఉజ్మా, జాహ్నవి క్యాంటీన్‌లో ఉండగా నెహెమ్యా టీ గ్లాసుతో వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"అక్కా, ఇయ్యాల పైకి ఎక్కిస్తన్నా. ఎల్లుండికి నీ పిల్ల పుట్టిద్ది. బాలసారె ఎప్పుడో చెప్పు."

"ఇయ్యాలేనా?" అన్నారు ఉజ్మా.

"ఇయ్యాల ఎక్కియ్యకపోతే గురువారానికి చల్లారదు. టీమ్ వాళ్లు వేడి గొట్టం చేతిలో పెట్టుకుంటారా?"

"తొడుగు వచ్చిందా?"

"మీ నాన్న ప్రభలోళ్ల పార్టీ అక్కా. మేం గెలిచేవోళ్లం కాదు, మాకెందుకిస్తాడు."

జాహ్నవి నవ్వారు. ఉజ్మా నవ్వలేదు.

"రేపు ఎక్కించరాదూ?"

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే అంటే సార్ ఊరుకుంటాడా. ఏందక్కా, భయమా? నీ లెక్కే గదా."

నెహెమ్యా టీ తాగి లేచారు. జరిగితే ఏమీ తయారు కాకపోవడమే జరుగుతుందని, రెండు రోజుల తర్వాత తానే క్షమాపణ చెప్పుకోవచ్చని అప్పుడు అనుకున్నానని ఉజ్మా వాంగ్మూలంలో ఉంది.

కాలేజీ కొన్న ఫర్నేసుకు వేడిని అంచెలంచెలుగా తనంతట తాను పెంచుకునే ఏర్పాటు లేదు. ఒక మనిషి ముందు నిలబడి, చేత్తో తిప్పుతూ పెంచాలి. లోపల భాస్వరం ఎంత కలిసిందో బయటి నుంచి కనపడదు. చూడాలంటే ఫర్నేసు చల్లార్చి గొట్టం బయటకు తీయాలి. నెహెమ్యా పది గంటలకు మొదలుపెట్టారు. ఫర్నేసు దగ్గర పనిచేసేవాళ్లు ఫోన్ ఉంచుకోకూడదన్న ల్యాబు నియమం ప్రకారం దాన్ని సైలెంట్‌లో తలుపు పక్క టేబుల్ మీద పెట్టారు. జాహ్నవి అదే గదిలో అటు చివర ఉన్నారు.

ఉజ్మాకు ఎదుటి బ్లాకులో ఫస్టియర్ క్లాసు ఉంది. పన్నెండు దాటాక సుభానీ ఫోన్ చేశారు. ఆమె వరండాలోకి వచ్చి తీశారు. తండ్రీకూతుళ్లు మామూలుగా ఉర్దూలో మాట్లాడుకుంటారు. పక్కన గిరాకీలు ఉండటంతో సుభానీ తెలుగులోనే మాట్లాడారు.

"బేటా, ఆ పైపు అయిపోయింది. నెహెమ్యా ఫోన్ ఎత్తట్లా. వచ్చి తీసుకుపొమ్మను."

"ఇప్పుడు అక్కర్లేదు అబ్బా. వేడి ఎక్కిస్తన్నాడు. అది లోపల పెట్టాలి గదా, ఇంక కుదరదు."

"అది లేకుండానే ఎక్కిస్తన్నాడా?"

"ఏం?"

"గాజుది పగిలితే ముక్కలు బయటికి రాకుండా ఇది చెయ్యమన్నాడు."

"ఎందుకు పగిలిద్ది?"

"భాస్వరం అంతా కలిసిపోతే పగలదంట. మిగిల్తే పగిలిద్దంట. మిగలదని నువ్వే రాశావంటగా."

ఉజ్మా ఫోన్ పెట్టేశారు. నెహెమ్యాకు ఫోన్ చేస్తూ మెట్లు దిగారు. ఆమె ఫోన్‌లో ఆ సమయానికి నెహెమ్యాకు చేసిన కాల్స్ మూడు ఉన్నాయి. తర్వాత జాహ్నవికి చేశారు. జాహ్నవి ఎత్తారు.

"నెహెమ్యాని బయటికి లాగు," అన్నారు ఉజ్మా.

"ఏందక్కా?"

"ఫర్నేసు దగ్గర్నుంచి బయటికి లాగవే."

జాహ్నవి ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే లేచి, అన్నా అని పిలిచారు. నెహెమ్యా తల తిప్పారు. గొట్టం అప్పుడు పేలింది. ఫర్నేసు మీద డిగ్రీల అంకె ఆరువందల ముప్పై దగ్గర ఆగి ఉంది. ఉజ్మా అప్పటికి ల్యాబు బ్లాకు మెట్ల మీద ఉన్నారు.

మంటను ఇసుక పోసి ఆర్పారు. అంబులెన్సులో నెహెమ్యాతో పాటు జాహ్నవి ఎక్కారు. చిలకలూరిపేట దాటేదాకా ఆయనకు తెలివి ఉంది. ఆయన అడిగిన మాటలను జాహ్నవి రెండుసార్లు, రెండు వాంగ్మూలాల్లో, ఒకే రకంగా చెప్పారు.

"లెక్క ప్రకారమే పోశా గదా. ఎందుకు పగిలింది?"

"తెలవదన్నా," అన్నారు జాహ్నవి.

శనివారం నుంచి తనకు తెలిసిన సంగతిని ఆమె అప్పుడు చెప్పలేదు. చెప్పాల్సింది ఉజ్మా అక్క అనుకున్నానని వాంగ్మూలంలో చెప్పారు.

నెహెమ్యాను 20న నూజెండ్లలో సమాధి చేశారు. ఆ రోజే రావాల్సిన బృందం పర్యటన వాయిదా పడింది. కాలేజీ నుంచి ఇద్దరు అటెండర్లు, జాహ్నవి వెళ్లారు. గేటు దగ్గరి ఫ్లెక్సీని అంతకు ముందు రోజే తీసేశారు.

ఉజ్మా తిరునాళ్ల అయిన మూడో రోజు తండ్రితో కలిసి నూజెండ్ల వెళ్లారు. ఆరోగ్యమ్మ మిరప కోతకు వెళ్లి అప్పుడే వచ్చి ఉన్నారు. వాకిట్లో చేతులకు నూనె రాసుకుంటున్నారు. పక్కింటి కోటమ్మ మంచం వాల్చి కూర్చోమన్నారు. సుభానీ కూర్చున్నారు. ఉజ్మా నిలబడే ఉన్నారు.

"కరెంటు తేడా అన్నారు. తర్వాత పోలీసోళ్లు కాదన్నారు," అన్నారు ఆరోగ్యమ్మ. "ఏందమ్మా మరి?"

ఉజ్మా చెప్పారు. తాను లెక్క వేసిందీ, అది తప్పని తేలిందీ, తప్పు లెక్క ప్రకారం నెహెమ్యా భాస్వరం పోసిందీ చెప్పారు.

"మావాడికి తెలుసా తప్పని?"

"తెలవదు."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"శనివారం నుంచి."

ఆరోగ్యమ్మ నూనె గిన్నె పక్కన పెట్టారు. "ఆదివారం వాడు ఈణ్ణే ఉండాడు. నేను ఈడ, వాడు ఆ మంచం మీద. మద్దేన్నం కూర బాలేదని నన్ను ఆడిపోసుకుంటా కూర్చున్నాడు. ఫోను చేతిలోనే ఉండె వాడికి. నీకాడ లేదా ఫోను?"

"ఉంది."

"చెప్తే ఏమయ్యేది నీకు?"

"నా చదువు పోయేది."

"అంతేనా?"

"అంతే."

కోటమ్మ మంచినీళ్లు తెచ్చారు. సుభానీ గ్లాసు పట్టుకుని తాగకుండా ఉన్నారు. "తప్పు నాది గూడా చెల్లెమ్మా. పైపు సోమారం ఇయ్యాల్సింది," అన్నారు.

"నువ్వు పన్లో ఆలస్యం చేశావన్నా. పన్లో ఆలస్యాలు అయితయి," అన్నారు ఆరోగ్యమ్మ. ఉజ్మా వైపు తిరిగి, "నువ్వు ఇంక పో," అన్నారు.

ఇద్దరూ వినుకొండ మీదుగా తిరిగి వచ్చారు.

నిర్లక్ష్యం వల్ల మరణం కింద పోలీసులు కేసు పెట్టారు. మొదటి నిందితుడు సుధీర్ బాబు, రెండో నిందితురాలు ఉజ్మా. ఇద్దరికీ బెయిల్ వచ్చింది. కాలేజీ ఉజ్మాను సస్పెండ్ చేసింది. సుధీర్ బాబు మెడికల్ లీవులో ఉన్నారు. సోమవారం తన గదిలో మాట్లాడింది ఒక శాస్త్రీయ అభిప్రాయభేదం గురించేనని, ప్రమాదం గురించి ఉజ్మా తనకు చెప్పలేదని ఆయన అంటున్నారు. ప్రమాదం గురించి చెప్పలేదన్న మాట నిజమేనని ఉజ్మా ఒప్పుకున్నారు.

మార్చి మొదటి వారంలో పత్రాన్ని వెనక్కి తీసుకుంటున్నానని ఉజ్మా దాన్ని అచ్చువేసిన పత్రికకు రాశారు. రాసిన వాళ్లందరూ ఒప్పుకోవాలని పత్రిక జవాబిచ్చింది. సుధీర్ బాబు సంతకం చేయలేదు. కోర్టులో కేసు ఉండగా చేయవద్దని తన లాయరు చెప్పారని ఆయన అంటున్నారు. పత్రం పత్రిక వెబ్‌సైటులో ఉంది. మూడో బొమ్మ సున్నా నుంచే మొదలవుతుంది. జాహ్నవి ఆ కాలేజీ మానేశారు.

స్టీలు తొడుగును సాక్ష్యం కింద పోలీసులు సుభానీ షాపు నుంచి తీసుకెళ్లారు. గొట్టం కొలతలతో పోల్చి చూశారు. సరిపోయింది.

ఫర్నేసు లోపలి గోడ నుంచి గీకిన పొడిని, గొట్టం ముక్కలకు అంటిన పొడిని పరీక్షకు పంపారు. ఏప్రిల్ 22న రిపోర్టు వచ్చింది. పొడిలో నియోబియం, భాస్వరం ఒకటికి ఒకటి పాళ్లలో కలిసిన పాత పదార్థం ఉంది. దేనితోనూ కలవకుండా మిగిలి కాలిన భాస్వరం ఉంది. ఒకటికి నాలుగు పాళ్లలో కలిసిన పదార్థం లేదు.